పరకాల వాకిట్లో ఇంగ్లీషు క్లాసు

నమస్తే అండి. పొద్దున ఆరున్నర అవుతోంది. ఇది పరకాలలో మా ఇంటి వాకిలి. అమ్మ ఇప్పుడే సానుపు చల్లి ముగ్గేసింది. ఎండ ముదరకముందే రికార్డింగ్ అయిపోవాలని ఇంత పొద్దున్నే మొదలుపెట్టాను. నేను ఇంగ్లీషు టీచర్‌గా పనిచేసే థాయ్‌లాండ్‌లో బడులకు మార్చి మధ్య నుంచి మే మధ్య దాకా పెద్ద సెలవులు. అందుకే మామిడికాయల కాలానికి ఇంట్లో ఉంటాను.

ఈ రోజు కెమెరా మా చెల్లె మీద పెడుతున్నాను. మా చిన్నాయన బిడ్డ. కాకతీయ యూనివర్సిటీలో ఎంఏ ఇంగ్లీష్ చేసి, హనుమకొండలో ఒక ప్రైవేటు కాలేజీలో చెబుతోంది. సోమవారం తనకు ఇంగ్లీషు టీచర్లకు శిక్షణ ఇచ్చే సెల్టా కోర్సు ఇంటర్వ్యూ. రాత్రంతా టెన్షన్‌తో నిద్రపోలేదు. ఎనిమిది గంటలకు పక్కింటి పిల్లలు నలుగురు వస్తారు, వాళ్లకు ఒక పాఠం చెప్పి చూపిస్తానంది.

మా వైపు బయటి దేశం అంటే అందరికీ తెలిసినవి రెండే దారులు. ఒకటి గల్ఫ్, ఇంకోటి అమెరికాలో ఎంఎస్. మా మేనమామ ఏళ్ల తరబడి దుబాయ్‌లో సెంట్రింగ్ పని చేసి వచ్చాడు. నేను ఇంగ్లీషు చెప్పడానికి పోతానన్నప్పుడు బాపు ఒక్కటే అడిగాడు. "ఇంగ్లీషు తెల్లోళ్లది. మనం పోయి మందికి చెప్పుడేంది బిడ్డా?" ఆ మాటకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన నాకు కూడా లోపల అదే భయం ఉండేది.

ఆ జవాబుకు దారి సెల్టాలో దొరికింది. కేంబ్రిడ్జ్ వాళ్ల సర్టిఫికెట్ ఇది. కనీసం 120 గంటల కోర్సు. నాలుగు రాత పనులు ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యం, ఆరు గంటలు నిజమైన విద్యార్థుల ముందు పాఠం చెప్పాలి. వెనక కూర్చుని ట్రైనర్ ప్రతి నిమిషం రాసుకుంటారు. ఫుల్‌టైమ్ అయితే నాలుగైదు వారాల్లో అయిపోతుంది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో కూడా చేయవచ్చు.

నా మొదటి పాఠం నలభై నిమిషాలు. అయిపోయాక ట్రైనర్ తన కాగితం నా ముందు పెట్టారు. అందులో ముప్పై ఒక్క నిమిషాలు నేనే మాట్లాడాను. మన కాలేజీల్లో అదే మంచి లెక్చరర్ లక్షణం కదా! ఆగకుండా చెప్పాలి, బోర్డు నింపాలి, చివర్లో "అర్థమైందా?" అనాలి. పిల్లలంతా "అయింది మేడమ్" అంటారు. ఆ ప్రశ్న ఇంకెప్పుడూ అడగవద్దన్నారు ట్రైనర్. అర్థమైందో లేదో పిల్లల జవాబులోంచి మనకు తెలిసేలా చిన్న ప్రశ్నలు వేసి, ఆగాలి. ఆ ఆగడం నేర్చుకోవడానికే నాకు రెండు వారాలు పట్టింది.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినండి. ఇంగ్లీషు టీచింగ్‌కే అంటూ ఆన్‌లైన్‌లో చవకగా "120 గంటల టెఫెల్ సర్టిఫికెట్" అని అమ్ముతారు. అంకె ఒకటే, కానీ చాలావాటిలో ఒక్క విద్యార్థి ముందు కూడా నిలబడే పని ఉండదు. డబ్బు కట్టే ముందు, క్లాసు చెప్పించి చూస్తారా లేదా అని అడగండి.

థాయ్‌లాండ్‌లో మొదటి వారం నాలుగో తరగతి పిల్లలకు పెన్ చూపించి "పెన్" అన్నాను. వాళ్లు ముఖముఖాలు చూసుకున్నారు. సాయంత్రం ఒక థాయ్ టీచరమ్మ విడమరిచి చెప్పింది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లు ఆ మాటలో ప పలికేటప్పుడు కొంచెం గాలి వదులుతారు, మనం వదలం. థాయ్‌లో గాలి ఉన్న ప ఒక అక్షరం, గాలి లేని ప ఇంకో అక్షరం. మనలాగా పెన్ అంటే వాళ్ల చెవికి "అవడం, ఉండటం" అనే అర్థమున్న తమ మాట వినిపిస్తుంది. మర్నాడు నోటి ముందు సన్నటి కాగితం ముక్క పట్టుకుని నేను పలికాను, వాళ్లు పలికారు. కాగితం ఊగితే సరి. వాళ్లు హౌస్‌ను "హౌ" దగ్గరే వదిలేస్తారు, మనం బస్‌కు ఉకారం తగిలించి బస్సు చేస్తాం. ఏ నోరు ఎక్కడ తడబడుతుందో నాకు తెలుసు, ఎందుకంటే నా నోరూ తడబడింది. బాపుకు నేనిచ్చిన జవాబు ఇదే.

ఇక కాగితాల సంగతి. డిగ్రీ సర్టిఫికెట్‌కు అటెస్టేషన్, పోలీస్ క్లియరెన్స్, పనికి వచ్చేవాళ్లకిచ్చే నాన్ ఇమిగ్రెంట్ బీ వీసా, ఆ తర్వాత వర్క్ పర్మిట్. మా స్కూల్ టోయిక్ అనే ఇంగ్లీషు పరీక్ష స్కోరు కూడా అడిగింది, అది మొత్తం 990 మార్కులకు. బీఎడ్ ఉంటే అక్కడి టీచర్ లైసెన్స్ దారి సులువు, లేకపోతే తాత్కాలిక అనుమతితో మొదలవుతుంది. ఎవరైనా ఏజెంటు "టూరిస్ట్ వీసా మీద వచ్చెయ్, తర్వాత చూద్దాం" అంటే ఫోన్ పెట్టెయ్యండి. ఆ వీసాతో పనిచేయడం నేరం. ఉద్యోగం అని థాయ్‌లాండ్ రప్పించి, సరిహద్దు దాటించి, సైబర్ మోసాలు చేయించిన ముఠాల చేతిలో మన తెలంగాణ పిల్లలు కూడా చిక్కుకున్నారు.

దక్షిణ కొరియా ఇంగ్లీషు టీచర్ వీసా సాధారణంగా ఏడు దేశాల పాస్‌పోర్టులకే ఇస్తుంది. మన దేశం అందులో లేదు. ఇక థాయ్‌లాండ్‌లో నేను చేరిన మొదటి స్కూల్‌లో, నాకన్నా ఏ కోర్సూ ఎక్కువ చేయని ఒకతనికి, అవే పీరియడ్లకు, పాస్‌పోర్ట్ చూసి ఎక్కువ జీతం ఇచ్చారు. చాలా బాధపడ్డాను. ఇప్పటికీ అది తప్పే అంటాను. ఏడాది తర్వాత నా క్లాసుల వీడియోలు చూపించి వేరే స్కూల్‌కు మారాను. ఇప్పుడు సెల్టా తర్వాతి పెద్ద మెట్టు డెల్టాలో మొదటి మాడ్యూల్ చదువుతున్నాను, జూన్‌లో పరీక్ష. మూడు మాడ్యూళ్లు పూర్తయితే టీచర్లకు శిక్షణ ఇచ్చే పనికి వెళ్లాలని నా కోరిక. వరంగల్‌లోనే ఇవ్వాలని ఇంకా పెద్ద కోరిక.

పిల్లలు వచ్చేశారు. చెల్లె గోడకు చార్టు తగిలించింది. ఎడ్లబండి బొమ్మ, పక్కన ముసలి తాత. కింద "మై గ్రాండ్‌ఫాదర్ యూజ్డ్ టు డ్రైవ్ ఎ బులక్ కార్ట్" అని రాసింది. ఒకసారి చదివించింది. "అర్థ..." అని నోటిదాకా వచ్చింది, ఆపుకుంది.

"తాత ఇప్పుడు బండి తోలుతున్నాడా?"

"లేదు!"

"ఒక్కసారే తోలాడా?"

ఎవరూ పలకలేదు. చెల్లె నా వైపు చూసింది. నేను కదల్లేదు. తను కూడా చెప్పకుండా నిలబడింది. అయిదు సెకన్లు, పది సెకన్లు. చివర్న కూర్చున్న పిల్లగాడు చెయ్యెత్తాడు.

"కాదక్కా. రోజూ తోలెటోడు."