ప్రాజెక్టు గ్రాఫ్‌కి ఏ ఫ్రీ సాఫ్ట్‌వేర్? ముందు లైన్, స్కాటర్ తేడా తేల్చుకుందాం

నమస్కారం. "ఏ సాఫ్ట్‌వేర్ అయితే ఏంటండీ, గ్రాఫ్ వస్తే చాలు కదా" అనే మాట విన్నప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. గ్రాఫ్ అన్నిట్లోనూ వస్తుంది. పిల్లలు కష్టపడి తీసిన రీడింగులు ఆ గ్రాఫ్‌లో సరిగ్గా కూర్చున్నాయా, లేదా? స్కాటర్ పెట్టాల్సిన చోట లైన్ చార్ట్ పెడితే కూర్చోవు.

బెంగళూరులో ఉన్నాం కాబట్టి మెట్రో పర్పుల్ లైన్ తీసుకుందాం. రైల్లో తలుపు పైన చల్లఘట్ట నుంచి వైట్‌ఫీల్డ్ దాకా స్టేషన్ల పట్టీ ఉంటుంది. చుక్కకీ చుక్కకీ మధ్య ఒకటే ఎడం. స్టేషన్ల మధ్య అసలు దూరాలు అలా ఉండవు. ఇంకెన్ని స్టేషన్లున్నాయో లెక్కపెట్టుకోవడానికి ఆ పట్టీ బ్రహ్మాండంగా పనికొస్తుంది. దాని మీద స్కేలు పెట్టి కిలోమీటర్లు కొలిస్తే మాత్రం మోసపోతాం. లైన్ చార్ట్ ఆ పట్టీ లాంటిది. స్కాటర్ చార్ట్ స్కేలు ప్రకారం గీసిన మ్యాపు, ప్రతి చుక్కా తన అసలు విలువ దగ్గరే కూర్చుంటుంది.

[స్క్రీన్ మీద టేబుల్]

లోలకం ప్రయోగం చూడండి. దారం పొడవు 20, 30, 50, 100 సెంటీమీటర్లు. 20 డోలనాలకు పట్టిన సమయం 18.0, 22.0, 28.4, 40.1 సెకన్లు. ఆ సమయాన్ని 20తో భాగిస్తే ఒక్క డోలనానికి పట్టే సమయం, అంటే టీ. దాన్ని స్క్వేర్ చేస్తే టీ స్క్వేర్ వస్తుంది: 0.81, 1.21, 2.02, 4.02. పొడవుని మీటర్లలోకి మార్చి గీస్తే ఇది సరళరేఖ రావాలి.

లైన్ చార్ట్‌లో గీయండి. రేఖ పైకి వంగిపోతుంది! 20కీ 30కీ మధ్య ఎంత ఎడమో, 50కీ 100కీ మధ్యా అంతే ఎడం పెట్టేసింది, మన మెట్రో పట్టీలాగే. దాని మీద ట్రెండ్ లైన్, అంటే చుక్కలన్నిటికీ దగ్గరగా పోయే సరళరేఖ వేస్తే ఇంకా ఘోరం. పొడవుల బదులు 1, 2, 3, 4 అనే వరస నంబర్లు తీసుకుంటుంది. స్లోప్ (రేఖ వాలు) 1.044 వస్తుంది, దాంతో లెక్కగడితే జీ, అంటే గురుత్వ త్వరణం విలువ 37.8. గురుగ్రహం మీద కూడా అంత లేదు, అక్కడ 25 లోపే. పాపం, పిల్లలేమో దారం సరిగ్గా కొలవలేదేమో అనుకుని ప్రయోగం మళ్లీ మొదలుపెడతారు.

ఇప్పుడు లిబ్రేఆఫీస్ కాల్క్ అనే ఎక్సెల్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో సరిగ్గా చేద్దాం. రీడింగులతో గీసే గ్రాఫ్‌కి నా ఓటు దీనికే. ఉచితం, నెట్ లేకపోయినా నడుస్తుంది, పాత ల్యాప్‌టాప్ చాలు. మొదటి కాలమ్‌లో పొడవు మీటర్లలో, పక్క కాలమ్‌లో టీ స్క్వేర్. రెండూ సెలెక్ట్ చేసి ఇన్సర్ట్, చార్ట్, అందులో ఎక్స్‌వై స్కాటర్, 'పాయింట్స్ ఓన్లీ'. చుక్కల్ని గీతతో కలపకండి. చార్ట్ మీద డబుల్ క్లిక్ చేసి, ఒక చుక్క మీద రైట్ క్లిక్ కొట్టి, ఇన్సర్ట్ ట్రెండ్ లైన్ ఎంచుకోండి. లీనియర్ పెట్టి 'షో ఈక్వేషన్' టిక్ చేయండి. స్లోప్ 4.013 వస్తుంది. 4 పై స్క్వేర్ (4π²), అంటే 39.48ని దాంతో భాగిస్తే జీ 9.84. అవే రీడింగులు!

స్కాటర్ పెట్టినా గ్రాఫ్ వంగిందంటే సెల్స్ చూడండి. '0.20 మీ.' అని యూనిట్ కలిపి టైప్ చేసుంటారు. అప్పుడది అంకె కాదు, అక్షరాలు. కిలోమీటర్లు ఇవ్వాల్సిన చోట స్టేషన్ పేరు ఇచ్చినట్టు. దాంతో అది మళ్లీ 1, 2, 3కి దిగిపోతుంది. గుర్తుపట్టడం తేలిక: అంకెలు సెల్‌లో కుడివైపు ఆనుకుంటాయి, అక్షరాలు ఎడమవైపు. యూనిట్ హెడింగ్‌లో మాత్రమే రాయండి.

మరి లైన్ చార్ట్ ఎందుకుంది? జనవరి, ఫిబ్రవరి, మార్చి వర్షపాతం లాంటి వాటికి. అక్కడ ఎడం సమానంగా ఉంటే చాలు. లాల్‌బాగ్‌లో ఏ చెట్లు ఎన్ని అని లెక్కపెడితే బార్ చార్ట్.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. రీడింగులు లేకుండా సమీకరణం మాత్రమే గీయాలంటే జియోజెబ్రా గానీ డెస్మోస్ గానీ. సైన్ ఎక్స్ అని టైప్ చేస్తే గ్రాఫ్ వచ్చేస్తుంది, దానికి కాల్క్‌తో కుస్తీ పట్టొద్దు. నలుగురు కలిసి చేసే ప్రాజెక్టయితే గూగుల్ షీట్స్. అది మీకు ఏ చార్ట్ తగిలించిందో చూసుకుని, టైప్ దగ్గర స్కాటర్‌కి మార్చండి.

ప్రింటు సంగతి. జిరాక్స్ షాపులో నలుపు తెలుపు తీయిస్తారు కాబట్టి రంగులు పనికిరావు. ఒక వరస చుక్కలకి గుండ్రం, ఇంకోదానికి చతురస్రం పెట్టండి. ఫైల్ పీడీఎఫ్ చేసి పట్టుకెళ్లండి, షాపులో లిబ్రేఆఫీస్ ఉండకపోవచ్చు. అన్నట్టు, రెండు యాక్సిస్‌లకీ పేరు, యూనిట్ రాశారో లేదో షాపుకి బయల్దేరే ముందే చూసుకోండి.