డబ్బా తెరిస్తే పొగలు రావాలి

తమ్ముడు: రికార్డింగ్ ఆన్ అయింది. అక్కా, నమస్కారం చెప్పు.

అక్క: అందరికీ నమస్కారం. వీడింకా తింటూనే ఉన్నాడు, నమిలే చప్పుడు వినిపిస్తే ఏమనుకోకండి.

తమ్ముడు: ఇవాళ్టి విషయమే తిండి కదా! ఆఫీసులో మధ్యాహ్నం వేడివేడిగా తినాలి, ఖర్చు తక్కువ కావాలి, రోజూ అదే తిండని విసుగు రాకూడదు. ఈ మూడూ ఒకేసారి కుదురుతాయా?

అక్క: ఎందుకు కుదరవు? రాత్రి పడుకునే ముందు అందరూ "రేపు ఏం వండాలి" అని ఆలోచిస్తారు. నేను మాత్రం "రేపు అక్కడ ఎలా వేడవుతుంది" అని ఆలోచిస్తాను. ఆఫీసులో మైక్రోవేవ్ ఉందా, కెటిల్ ఒక్కటే ఉందా, ఏదీ లేదా? అది తేలాకే వంట సంగతి.

తమ్ముడు: మా ఆఫీసులో ఏదీ లేదు. అందుకే ఫ్లాస్కు కొన్నా. పొద్దున సగం వరకు సూపు పోసుకెళ్తే, మధ్యాహ్నానికి గోరువెచ్చగా ఉండి పుల్లటి వాసన కొట్టింది.

అక్క: సగం పోశావా? అక్కడే పోయింది. మిగతా సగంలో ఉన్న గాలి, చల్లగా ఉన్న లోపలి గోడ కలిసి నీ సూపు వేడిని తాగేశాయి. ముందు ఫ్లాస్కులో మరిగే నీళ్లు పోసి, మూత పెట్టి పది నిమిషాలు ఉంచు. అవి పారబోసిన వెంటనే పొయ్యి మీంచి కుతకుతలాడుతున్న సూపు అంచుదాకా నింపు. తినేదాకా మళ్లీ మూత తీయకు.

తమ్ముడు: అంతేనా?

అక్క: అంతే. 1892లో జేమ్స్ డ్యూవార్ అనే శాస్త్రవేత్త ఈ ఫ్లాస్కుని తయారుచేసింది ల్యాబులో విపరీతంగా చల్లబరిచిన ద్రవాలు వేడెక్కకుండా ఉంచడానికట. రెండు గోడలు, వాటి మధ్య గాలి తీసేసిన ఖాళీ. వేడి లోపలికి రాకుండా ఆపేది, బయటికి పోకుండానూ ఆపుతుంది కదా.

తమ్ముడు: మరి ఆ పుల్లటి వాసన?

అక్క: 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య బాక్టీరియాకి పండగ. మధ్యాహ్నం దాకా 60 పైనే ఉండాలి. అందుకే ఫ్లాస్కుకి నీళ్లగా ఉండేవే మంచివి. సూపు, జారుగా ఉడికించిన రాజ్మా, గంజిలా ఉడికిన ఓట్స్. పొడిగా ఉన్న అన్నం పెడితే తొందరగా చల్లారిపోతుంది.

తమ్ముడు: రాత్రి రాజ్మా నానబెట్టి, పొద్దున మరిగే నీళ్లతో ఫ్లాస్కులో వేసేస్తే అదే ఉడికిపోతుంది కదా? గ్యాసూ మిగులుతుంది.

అక్క: ఒరేయ్, ఆ పని మాత్రం చెయ్యకు! పచ్చి రాజ్మాలో ఒక విషపదార్థం ఉంటుంది. నానబెట్టిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం పది నిమిషాలు తెర్లుతూ ఉడికితేనే అది పోతుంది. ఫ్లాస్కులో ఆ వేడి నిలవదు. తింటే వాంతులే. ఇంట్లో మెత్తగా ఉడికించాకే ఫ్లాస్కు.

తమ్ముడు: సరే, మైక్రోవేవ్ ఉన్నవాళ్ల సంగతి? చుట్టూ నాలుక కాలుతుంది, మధ్యలో ఐసు.

అక్క: ఆ తరంగాలు పైపైన రెండు మూడు సెంటీమీటర్ల దాకానే బాగా వెళ్తాయి. లోపలికి వేడి మెల్లగా పాకాలి. అందుకే అన్నాన్ని కుప్పగా పెట్టొద్దు, మధ్యలో గుంట చేసి చేతి గాజు ఆకారంలో చుట్టూ పరువు. రెండు చెంచాల నీళ్లు చల్లి, మూత వదులుగా పెట్టి, మధ్యలో ఒకసారి కలుపు. తీశాక ఒక నిమిషం ఆగు. ఇంకోటి, ఉడికించిన గుడ్డు కొయ్యకుండా అలాగే పెడితే పేలుతుంది, ముక్కలు చెయ్యాల్సిందే. చేపలు మాత్రం వద్దు, ఫ్లోరంతా నిన్నే చూస్తుంది.

తమ్ముడు: రాత్రి మిగిలిన అన్నం వాడొచ్చా?

అక్క: వాడొచ్చు, కానీ రాత్రంతా గిన్నెలో బయట ఉంచింది కాదు. బియ్యంలో ఉండే ఒక బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం బయటే ఉంటే అవి పెరిగి విషం వదులుతాయి, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. వండాక వెడల్పు పళ్లెంలో పరిచి చల్లార్చి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టెయ్యి.

తమ్ముడు: కెటిల్ ఒక్కటే ఉన్నవాళ్లు?

అక్క: వాళ్లంటే నాకు అసూయ! వేడిని తట్టుకునే డబ్బాలో అడుగున వేరుశనగ ముద్ద, సోయా సాస్, దంచిన వెల్లుల్లి. పైన సన్నటి బియ్యం నూడుల్స్, తురిమిన క్యారెట్, ఉడికిన గుడ్డు ముక్కలు. తినే ముందు మరిగే నీళ్లు పోసి ఐదు నిమిషాలు మూత పెట్టు, బాగా కలుపు. కొన్న కప్పు నూడుల్స్ దీనిముందు చప్పగా ఉంటాయి.

తమ్ముడు: ఖర్చు మాటేమిటి? విసుగు?

అక్క: రాజ్మా లాంటి ఎండు గింజలు కొను, డబ్బాల్లో ఉడికించి అమ్మేవి కాదు. సెలవురోజున ఒక పెద్ద కుండెడు ఉడికించి, పూట పూటకి సరిపడా ఫ్రీజర్‌లో పెట్టు. ఒకరోజు టమాటాతో సూపు, ఒకరోజు మెదిపి బంగాళాదుంప మీద, ఒకరోజు అన్నంలో. విసుగంటావా, దానికి నా మందు చిన్న డబ్బీ. అందులో పచ్చి ఉల్లిపాయ, నిమ్మ ముక్క, వేయించిన గింజలు. వేడి చేశాక పైన వేసుకుంటే కరకరలాడుతూ ఉంటాయి. ముందే కలిపేస్తే అన్నీ ఒకే మెత్త.

తమ్ముడు: రేపే మొదలుపెడతా. అక్కా, నా ఫ్లాస్కు నీ దగ్గరే ఉంది కదా?

అక్క: ఉంది. మూత లోపలి రబ్బరు ఊడదీసి చూశాను. అక్కడ ఏం దొరికిందో మైకు ముందు చెప్పను.