టేపులో టైపు మిషన్ చప్పుడు

శ్రోతలకు నమస్కారం. ముందుగా ఒక్క క్షణం ఒక చప్పుడు గుర్తు చేసుకోండి. టైపు మిషన్ చప్పుడు. టకటకా టకటకా సాగిపోయి, లైను చివరికొచ్చేసరికి టింగుమని చిన్న గంట, మళ్లీ టకటకా.

1960లలో ఇంగ్లండులో ఒక కంపెనీకి ఫోన్ చేసినవాళ్లకు, అవతలి గొంతు వెనకాల ఇదే చప్పుడు వినిపించేది. ఆఫీసు పెద్దదే, పని జోరుగా సాగుతోంది అనుకునేవాళ్లు. అసలు సంగతి వేరు. అక్కడ ఆఫీసు లేదు. అదొక ఇల్లు. ఆ ఇంట్లో పసిపిల్లవాడు ఉన్నాడు. వాడి ఏడుపు, ఇంటి సందడి ఫోన్లో వినబడకూడదని ఆ తల్లి టైపు మిషన్ చప్పుడును టేపు మీద రికార్డు చేసి పెట్టుకుంది. ఫోన్ వచ్చినప్పుడల్లా వెనకాల ఆ టేపు నడిచేది.

ఆవిడ పేరు స్టెఫనీ షర్లీ. కంపెనీ పేరు ఫ్రీలాన్స్ ప్రోగ్రామర్స్. 1962లో, చేతిలో ఉన్న ఆరు పౌండ్లతో, భోజనాల బల్ల మీద మొదలుపెట్టారు. ఆరంటే ఆరే పౌండ్లు.

అంతకుముందు కథ క్లుప్తంగా చెప్పేస్తాను. 1933లో జర్మనీలోని డార్ట్‌మండ్‌లో పుట్టారు. తండ్రి జడ్జి, యూదుడు. నాజీలు వచ్చాక ఆయన ఉద్యోగం పోయింది. 1939లో, ఐదేళ్ల వయసులో, తొమ్మిదేళ్ల అక్క చెయ్యి పట్టుకుని, అప్పటికి కుటుంబం ఉంటున్న ఆస్ట్రియాలోని వియన్నాలో రైలెక్కి ఇంగ్లండు చేరారు. యూదు పిల్లలను నాజీల చేతికి చిక్కకుండా దేశం దాటించిన రైళ్లలో అదొకటి. ముక్కూమొహం తెలియని దంపతులు ఆ అక్కాచెల్లెళ్లను పెంచారు. నా ప్రాణం ఎవరో కాపాడారు, అలా కాపాడినందుకు తగ్గట్టుగా బతకాలి అన్న పట్టుదల తనకు అక్కడే పుట్టిందని ఆవిడ జీవితమంతా చెప్తూ వచ్చారు. లెక్కలంటే ఇష్టం. తాను చదివే ఆడపిల్లల బడిలో పై లెక్కలు చెప్పేవాళ్లు లేకపోతే, మగపిల్లల బడికి వెళ్లి మరీ నేర్చుకున్నారు. తర్వాత లండన్ డాలిస్ హిల్‌లోని పోస్టాఫీసు పరిశోధన కేంద్రంలో చేరి, పగలు ఉద్యోగం, సాయంత్రం క్లాసులు, అలా డిగ్రీ పూర్తి చేశారు. కంప్యూటర్లతో పరిచయం అక్కడే.

సరే, ఇప్పుడు ఆ భోజనాల బల్ల దగ్గరికి వద్దాం. నాకు బాగా ఇష్టమైన ఘట్టం ఇది.

ఆ రోజుల్లో ప్రోగ్రాం రాయడమంటే ఎలా ఉండేదో తెలుసా? కంప్యూటర్ ఎదురుగా కూర్చునే పనే లేదు. లెక్క ఏ దారిలో నడవాలో ముందు కాగితం మీద బొమ్మ గీసుకోవాలి. తర్వాత పెన్సిలుతో ఒక్కొక్క ఆదేశమూ రాయాలి. ఆ కాగితాలు కవర్లో పెట్టి, బిళ్ల అంటించి పోస్టులో వేయాలి. అవతల ఎవరో వాటిని చూసి కార్డుల మీదో కాగితపు టేపు మీదో చిల్లులు పొడుస్తారు. తప్పులు లేకుండా ఉండాలని మరోసారి పొడిచి సరిచూస్తారు. ఇదంతా అయ్యాక గానీ ఆ ప్రోగ్రాం కంప్యూటర్ మొహం చూడదు.

ఇందులో పెన్సిలుంది, కాగితముంది, పోస్టుంది. మరి ఆఫీసు కుర్చీ ఎక్కడుంది? పొద్దున్న తొమ్మిదింటికి వచ్చి సంతకం పెట్టాల్సిన అవసరం ఎక్కడుంది? ఆవిడ పట్టుకున్నది ఆ పాయింటు. పెళ్లి కాగానే, లేదా నెల తప్పగానే ఉద్యోగం మానేసి ఇంటిపట్టున ఉండిపోయిన ప్రోగ్రామర్లు దేశంలో చాలామంది ఉన్నారు. చదువుంది, అనుభవం ఉంది, పనిచెయ్యాలన్న కోరికా ఉంది. లేనిదల్లా పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఆఫీసులో కూర్చునే వీలు. వాళ్లందరికీ పని ఇంటికే పంపించారు. పిల్లాణ్ణి నిద్రపుచ్చాక రాసుకో, తెల్లవారుజామున రాసుకో, నీ ఇష్టం. అనుకున్న రోజుకి అందితే చాలు.

అప్పట్లో సాఫ్ట్‌వేర్‌ను డబ్బులిచ్చి కొనే అలవాటు కూడా లేదు. కంప్యూటర్ కొంటే దాంతోపాటు ఉచితంగా వచ్చేది. పైగా అమ్మేది ఆడమనిషి. స్టెఫనీ షర్లీ అని సంతకం పెట్టి కంపెనీలకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. జవాబు లేదు. ఆవిడ భర్త డెరెక్ ఒక సలహా ఇచ్చారు, స్టీవ్ అని రాసి చూడమని. స్టీవ్ అంటే మగపేరు. స్టీవ్ షర్లీ అని సంతకం పెట్టారు. జవాబులు మొదలయ్యాయి! అవే ఉత్తరాలు, అదే మనిషి, అదే పనితనం. మారింది పేరొక్కటే. నాకు ఈ సంగతి ఎన్నిసార్లు తలుచుకున్నా కష్టంగానే ఉంటుంది.

మరి ఆ ఇళ్లలో తయారైన పని ఎలాంటిదనుకున్నారు? గూడ్సు రైళ్ల టైం టేబుళ్లు, సరుకు నిల్వల లెక్కలు, వీటితోపాటు కాంకర్డ్ విమానం బ్లాక్ బాక్స్ ప్రోగ్రాములు. ధ్వనికి రెండింతల వేగంతో ఎగిరిన విమానం అది. దాని ఎత్తు, వేగం వంటివన్నీ నమోదు చేసే పెట్టెకు కావలసిన ప్రోగ్రాములు, ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చుని ఆడవాళ్లు రాశారు. ఒకపక్క స్టవ్ మీద గిన్నె, ఇంకోపక్క కాంకర్డ్ లెక్క. ఊహించుకుంటేనే ఒళ్లు పులకరిస్తుంది.

కంపెనీ పెరిగింది. మొదటి మూడువందల మంది ఉద్యోగుల్లో మగవాళ్లు ముగ్గురే. 1975లో బ్రిటన్‌లో ఆడామగా తేడా చూపకూడదని చట్టం వచ్చింది. ఆడవాళ్లకే ముందు అవకాశం అన్న పద్ధతి చెల్లకుండా పోవడంతో మగవాళ్లకీ తలుపులు తెరిచారు. కంపెనీలో వాటాలు మెల్లమెల్లగా ఉద్యోగుల చేతుల్లోనే పెట్టారు. లండన్ స్టాక్ ఎక్స్ఛేంజి 1973 దాకా ఆడవాళ్లను సభ్యులుగా చేర్చుకోలేదు. 1996లో ఈ కంపెనీ షేర్లు అక్కడికే వచ్చాయి. ఉద్యోగుల్లో డెబ్భై మంది మిలియనీర్లయ్యారు.

ఇంత చెప్పి ఆ పిల్లవాడి మాట చెప్పకపోతే ఎలా? టేపు చప్పుడు వెనక దాగిన ఆ పిల్లవాడు, జైల్స్. 1963లో పుట్టాడు. ఒక్కడే కొడుకు. రెండున్నరేళ్ల వయసులో, అప్పటిదాకా వచ్చిన కాసిని మాటలూ పోయాయి. తీవ్రమైన ఆటిజం. ఎవరూ వినకూడదని ఏ గొంతును దాచారో, ఆ గొంతులో ఒక్క మాట కోసం తర్వాత ఆ తల్లి ఎంత ఎదురుచూసి ఉంటారో. ఇక్కడికి వచ్చేసరికి నాకు ఆ టకటక మరోలా వినిపిస్తుంది. ఆటిజం ఉన్నవాళ్లు ఉండేందుకు ఆవిడ సంస్థ పెడితే, దాని మొదటి ఇంట్లో మొదట చేరింది జైల్సే. 1998లో, 35 ఏళ్ల వయసులో చనిపోయాడు. ఆ మరుసటి ఏడాదే ఆటిజం ఉన్న పిల్లల కోసం ఆవిడ నెలకొల్పిన ప్రయర్స్ కోర్ట్ బడి తెరుచుకుంది. సంపాదించినదాంట్లో చాలా భాగం ఇలాంటి పనులకే ఇచ్చేశారు. 2025 ఆగస్టులో, 91 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

నాకున్న సమయం అయిపోవస్తోంది. వింటున్నవాళ్లలో ఉద్యోగాలు ఇచ్చే స్థానంలో ఉన్నవాళ్లు ఉంటారు. మీతో ఒక్క మాట. మీ ముందుకు ఒక దరఖాస్తు వస్తుంది. చదువు బాగుంది, మధ్యలో నాలుగేళ్లో ఐదేళ్లో ఖాళీ. చెయ్యి దాన్ని పక్కన పెట్టబోతుంది. పెట్టకండి. ఒకసారి పిలిచి మాట్లాడండి. ఆ ఐదేళ్లు ఏం చేశావని నిలదీయకండి. ఒక చిన్న పని చేతికిచ్చి, ఇది ఎప్పటికి ఇవ్వగలవమ్మా అని అడగండి. ఆ రోజుకి పని వచ్చిందా లేదా, అది చూడండి.

షర్లీ కంపెనీలో ఉద్యోగానికి వచ్చినవాళ్లను అడిగే ప్రశ్నల్లో ఒకటుండేది. మీకు ఫోన్ అందుబాటులో ఉందా? ఇంట్లో పిల్లలున్నారా అని కాదండీ, ఫోన్ ఉందా అని.

సెలవు. నమస్కారం.