పులుసు పడిన పాలరాయి

యాంకర్: నమస్కారం. ఈ వారం మనతో ఉన్నది కోనసీమలో పాతికేళ్లుగా బండలు, టైల్స్ వేస్తున్న మేస్త్రి గారు. మేస్త్రి గారూ, ముందు నా గోడు వినండి. ముచ్చటపడి వంటగట్టు మీద తెల్ల పాలరాయి వేయించాను. నెల తిరక్కుండానే చేపల పులుసు ఒలికిన చోట మచ్చ పడింది. ఎంత తోమినా పోవట్లేదు.

మేస్త్రి: తోమితే పోదండి. అది మరక కాదు, పులుపు రాయిని తినేసింది. పాలరాయి సున్నం జాతి కదా. చింతపండు, నిమ్మకాయ, ఏది పడినా మెరుపు పోతుంది. మళ్లీ పాలిష్ పట్టాల్సిందే. మన వంటలకి చీమకుర్తి నల్ల గ్రానైట్ హాయండి.

యాంకర్: మా తాతగారి మండువా ఇంట్లో తాండూరు బండలే ఉండేవి. వాటికి ఈ గొడవ ఎప్పుడూ వినలేదే?

మేస్త్రి: ఆయ్, అదీ సున్నపురాయేనండి. బేతంచెర్ల బండా అంతే. కాకపోతే వాటికి అద్దంలాంటి మెరుపు ఉండదు కాబట్టి మచ్చ పడినా అంతగా కనపడదు.

యాంకర్: సరే, హాల్లోకి వద్దాం. ఏ టైల్ వేయమంటారు?

మేస్త్రి: పైన ఏం వేయాలని అందరూ అడుగుతారండి. కింద ఏం పోశారని నేను అడుగుతాను. మనది నల్లమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు తీస్తుంది. మెరక కోసం ఆ చేలో మట్టే తోలించి, నెలలోపే టైల్స్ వేసేయమంటారు. రెండు వానాకాలాలు పోయేసరికి నేల కుంగి టైల్ లేస్తుంది. తిట్లు మాత్రం మాకు! ఇసుకతో నింపి, నీళ్లు పెట్టి, దిమ్మిసతో కొట్టి, కొన్నాళ్లు వదిలేయాలండి.

యాంకర్: (నవ్వు) మా ఇంట్లో అంత ఓపిక ఎవరికుంది?

మేస్త్రి: అదేగా! ఇంకోటి చెప్తాను. విట్రిఫైడ్ టైల్, అంటే బాగా కాల్చి గాజులా గట్టిపరిచిన టైల్, 0.5 శాతానికి మించి నీళ్లు పీల్చదు. అందుకే తడి నేలకి మంచిది. కానీ అదే కారణంగా సిమెంటు పాలు దాన్ని సరిగా పట్టుకోవు. టైల్ గమ్ వాడాలి, అదీ అంతా పరిచి. నాలుగు మూలలా ముద్దలు పెట్టి అంటిస్తే మధ్యలో డొల్ల. ఆరాక రూపాయి బిళ్లతో తట్టి చూడండి, తెలిసిపోతుంది. బాత్రూం గోడల సిరామిక్ టైల్ వేరు, అది 10 శాతం పైనే పీలుస్తుంది. సిమెంటుతో వేస్తే ముందు నానబెట్టాలి.

యాంకర్: బాత్రూం నేలకి?

మేస్త్రి: గరుకుదే. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇంకో మాట లేదు.

యాంకర్: కొనేటప్పుడు?

మేస్త్రి: అట్టపెట్టెల మీద షేడ్ నంబరు అన్నిటికీ ఒకటేనా చూడండి. ఒక పెట్టె ఎక్కువ కొని అటక మీద పడేయండి. తర్వాత ఆ రంగు దొరకదు.

యాంకర్: మరి నా గట్టు సంగతి?

మేస్త్రి: ఆదివారం వచ్చి పాలిష్ పడతానండి. ఈలోగా పులుసు గిన్నె కింద పళ్లెం పెట్టుకోండి.