ముందు ఊపిరి సర్దుకోండి

ఏఎల్‌ఎస్ అనే జబ్బు మీద పరిశోధన కోసం చందాలు పోగుచేసి ఈ ఈతకు వచ్చిన అందరికీ నమస్కారం. ధన్యవాదాలు చెప్పాల్సిన పేర్లన్నీ రాసి నా చేతిలో ఒక చీటీ పెట్టారు. అది ఈత అయ్యాక చదువుతాను. ఈత దుస్తుల్లో, ఈ చలిగాలిలో నిలబడ్డవాళ్లకు పేర్ల జాబితా వినిపించడం న్యాయం కాదు.

నన్ను జాగ్రత్తలు చెప్పమని పిలిచారు. చెప్తాను. కానీ ముందు మా అన్నయ్య గురించి చెప్పాలి, అది చెప్పకుండా నేను నీళ్ల ఒడ్డున మాట్లాడలేను.

నాకు ఈత నేర్పింది అన్నయ్యే. నా పొట్ట కింద చెయ్యి పెట్టి, "ఊపిరి వదులు, వదలరా" అంటూ గంటలు గంటలు నిలబడేవాడు. తల నీళ్లలో ఉన్నప్పుడు గాలి బిగబట్టకూడదు, మెల్లగా వదలాలి, అది వస్తే ఈత వచ్చినట్టే అనేవాడు. జబ్బు మొదలైంది ఆ చేతికే. తాళం తిప్పలేకపోయాడు. చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయాడు. నొప్పి లేదు, తిమ్మిరి లేదు, అందుకని ఎవరూ దాన్ని పెద్దగా తీసుకోలేదు. మెడ ఎముక అరిగిందన్నారు ఒకచోట, నరం నొక్కుకుందన్నారు ఇంకోచోట, చివరికి చేతికి ఆపరేషన్ కూడా చేశారు. 14 నెలలు తిరిగాం. ఈ జబ్బును ఒక్క పరీక్షతో తేల్చలేరని, మిగతావి కాదని ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ రావాలని నాకు తర్వాత తెలిసింది. అయినా కోపం పోలేదు. "నాకు అంతుపట్టడం లేదు, నరాల డాక్టరుకు చూపించండి" అని ఆ 14 నెలల్లో ఒక్కరు అనుంటే చాలు, ఆ ఆపరేషన్ తప్పేది, అన్నయ్య ఆ నెలలు తనకిష్టమైనట్టు బతికేవాడు.

ఆ జబ్బే ఏఎల్‌ఎస్. కండరాలను కదలమని చెప్పే నరకణాలు మెదడులోనూ వెన్నుపాములోనూ ఒక్కొక్కటే చచ్చిపోతాయి. చెయ్యి, కాలు, నాలుక, మింగడం, చివరికి ఊపిరి తీసే కండరాలు. లక్షణాలు మొదలయ్యాక చాలామంది బతికేది 3 నుంచి 5 ఏళ్లు. కళ్లు మాత్రం ఎక్కువమందికి చివరిదాకా కదులుతాయి. అన్నయ్య అక్షరాల అట్ట మీద చూపు నిలిపితే మేం ఒక్కో అక్షరం కూర్చుకుని పదం చేసుకునేవాళ్లం. నాలుగు మాటలకు అరగంట పట్టేది. ఒకరోజు అలా కూర్చుకున్న మాట ఏంటో తెలుసా? "ఈతకెళ్లావా?"

క్షమించండి. జాగ్రత్తల దగ్గరికి వస్తాను, కానీ ఒక్క విషయం ఇక్కడే తేల్చాలి.

చందా అడిగినప్పుడు మీలో చాలామందికి ఒక ప్రశ్న ఎదురై ఉంటుంది, నాకు ప్రతిసారీ ఎదురవుతుంది: "నయం కాని జబ్బుకు డబ్బెందుకు?" నయం కాదు కాబట్టే అండీ! షార్కో అనే ఫ్రెంచి డాక్టరు ఈ జబ్బును వివరంగా రాసింది 1869లో. మొదటి మందు రిలుజోల్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది 1995లో. 126 ఏళ్లు. అదీ ఆయుష్షును కొన్ని నెలలు పొడిగించే మందు. ఇంకోటి చూడండి. కొంతమంది రోగుల్లో ఎస్‌ఓడీ1 అనే జన్యువులో తేడా ఉందని 1993లో కనిపెట్టారు. దాన్ని గురిపెట్టి చేసిన టోఫర్సెన్ అనే మందుకు అనుమతి వచ్చింది 2023లో. మధ్యలో 30 ఏళ్లు! అది పనికొచ్చేది వందలో ఇద్దరికి. అన్నయ్యకు పనికొచ్చేది కాదు, అతనికి ఆ తేడా లేదు. అయినా ఆ ఇద్దరి ఇళ్లలో వాళ్లకు అది ఎంతో నాకు తెలుసు. ఆ 30 ఏళ్లూ ఏ వార్తా లేకపోయినా ల్యాబులు నడవాలి కదా, జీతాలు ఇవ్వాలి కదా. 2014లో ఈ జబ్బుకు చందాల కోసం జనం బకెట్ ఐస్ నీళ్లు నెత్తిన పోసుకున్నప్పుడు చూసినవాళ్లు వింతగా చూశారు. ఆ వేసవిలో అమెరికాలోని ఏఎల్‌ఎస్ సంఘానికి 11.5 కోట్ల డాలర్లు వచ్చాయి, అందులో కొంత ఖర్చుపెట్టిన పరిశోధనలోనే 2016లో నెక్1 అనే జన్యువుకూ ఈ జబ్బుకూ ఉన్న సంబంధం బయటపడింది. మరుసటి ఏడాది జనం మర్చిపోయారు. అదే నా బాధ. మీకు చందా ఇచ్చినవాళ్లను వచ్చే ఏడాదీ అడగండి, ఆ పై ఏడాదీ అడగండి. మొహమాటపడకండి.

ఇక నీళ్లు. చల్లటి నీళ్లలో దిగగానే ఊపిరి ఎగబీలుస్తుంది, గుండె దడదడలాడుతుంది. టెన్షన్ పడకండి, అది ఒకటి రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది. ఆ రెండు నిమిషాలూ ఈదొద్దు. మెల్లగా దిగండి, వెల్లకిలా తేలండి, ఊపిరి వదలండి. ఊపిరి మీ మాట విన్నాకే బయల్దేరండి. కొలనులో అడుగున గీత కనిపిస్తుంది, ఇక్కడ ఏమీ కనిపించదు, కాబట్టి కొన్ని బారలకోసారి కళ్లు మాత్రం నీళ్లపైకి లేపి గుర్తు చూసుకోండి, లేదంటే పక్కకు కొట్టుకుపోతారు. గట్టెక్కాక కూడా కాసేపు ఒళ్లు చల్లబడుతూనే ఉంటుంది. కబుర్లకు నిలబడకుండా ముందు తడి బట్టలు మార్చుకోండి.

పడవ ఎక్కాల్సివస్తే ఎక్కండి. మన దేశపు ఈతగత్తె ఆరతీ సాహా 1959 ఆగస్టులో ఇంగ్లీష్ ఛానెల్ మధ్యలోనే ఆగిపోయింది. సెప్టెంబర్ 29న మళ్లీ దిగి 16 గంటల 20 నిమిషాల్లో దాటింది. ఒడ్డు చేరితేనే చందా ఇస్తామని మీకు ఎవరూ షరతు పెట్టలేదు, పెడితే వాళ్లను నా దగ్గరికి పంపండి.

ఏ కాస్త తేడాగా అనిపించినా చెయ్యి పైకెత్తి ఊపండి. అన్నయ్య చివరి ఏడాది చెయ్యెత్తి మమ్మల్ని పిలవలేకపోయాడు, మేం చూసేదాకా కళ్లతో ఎదురుచూసేవాడు. మీరు ఎదురుచూడకండి, ఎత్తండి. పడవల్లో ఉన్నవాళ్లు మీ చేతులకోసమే చూస్తూ ఉంటారు.

ఎర్ర టోపీలవాళ్లు ముందు రండి. మెల్లగా దిగండి.