'అండి' లేని భాషలో 'రండి' అనడం ఎలా?

నమస్కారమండి. నేనిప్పుడు నరసాపురం రేవులో ఉన్నాను, వెనకాల కనిపిస్తున్నది వశిష్ఠ గోదావరి, అవతలి ఒడ్డు సఖినేటిపల్లి. పంటు, అంటే గోదారి దాటించే పెద్ద పడవ, ఎక్కిస్తున్నాయన మాటలు ఒక్క నిమిషం వినండి: "ఎక్కండి, ముందుకు జరగండి, తోసుకోవద్దు." అన్నీ ఎదుటివాళ్ళతో ఒక పని చేయించే మాటలు, లేదా మాన్పించే మాటలు. ఇంగ్లీషు గ్రామర్‌లో వీటినే ఇంపరేటివ్ సెంటెన్సులు అంటారు.

తయారుచెయ్యడం తేలికే. వర్బ్ మొదటి రూపంతో మొదలుపెట్టండి: "గెట్ ఆన్." "మూవ్ ఫార్వర్డ్." ముందు 'యూ' అక్కర్లేదు, మనం కూడా "జరుగు" అంటాం గానీ ప్రతిసారీ "నువ్వు జరుగు" అనం కదా. "యూ మూవ్" తప్పు కాదు, కాకపోతే చాలాసార్లు వేలు చూపించి గదమాయించినట్టు వినిపిస్తుంది.

వద్దని చెప్పాలంటే 'డోంట్' పెట్టాలి. మన 'వద్దు' చివర్లో వస్తుంది, 'డోంట్' మాత్రం ముందే వస్తుంది: "డోంట్ పుష్." దాని తర్వాత కూడా మొదటి రూపమే, "డోంట్ పుషింగ్" అన్నా "డోంట్ టు పుష్" అన్నా తప్పే.

మరి "జాగ్రత్తగా ఉండు"? కేర్‌ఫుల్ అనేది వర్బ్ కాదు, అందుకని మనం 'ఉండు' పెట్టినట్టే ఇంగ్లీషులో 'బీ' పెట్టాలి: "బీ కేర్‌ఫుల్." ఆలస్యం చెయ్యొద్దు అనాలంటే "డోంట్ బీ లేట్." "వెళ్దాం" అంటే "లెట్స్ గో." దాన్ని విడదీసి "లెట్ అస్ గో" అంటే, సందర్భాన్ని బట్టి "మమ్మల్ని వెళ్ళనివ్వండి" అనే అర్థం కూడా వస్తుంది, జాగ్రత్త.

ఇక నాకు బాగా ముఖ్యమనిపించే విషయం. మన గోదావరి జిల్లాల్లో మాటకి ముందో వెనకో 'అండి' లేకపోతే మనసు ఒప్పుకోదు. తమ్ముడికి "రా", మామయ్యగారికి "రండి". ఇంగ్లీషులో ఇద్దరికీ "కమ్" ఒక్కటే, అందుకే మనవాళ్ళు భయపడి ప్రతి వాక్యానికీ 'ప్లీజ్' తగిలిస్తుంటారు. అలా అక్కర్లేదండి. ఆ పని వల్ల మేలు ఎవరికో చూడండి. ఇంటికొచ్చిన చుట్టానికి ఆత్రేయపురం పూతరేకు పెడుతూ "హావ్ వన్ మోర్" అంటే అది ఆర్డర్ కాదు, మర్యాదే, ఎందుకంటే తినేది వాళ్ళు. ఇంకా గట్టిగా, తప్పకుండా రండి అని పిలవాలంటే ముందు 'డూ' పెట్టండి: "డూ కమ్ టు ది వెడ్డింగ్." మన బలవంతపు మర్యాదకి ఇంత దగ్గరగా వచ్చే మాట ఇంగ్లీషులో నాకింకోటి కనిపించలేదు.

మేలు మనకైతే లెక్క వేరు. మేనేజర్ గారిని సెలవడుగుతూ "గివ్ మీ లీవ్" అంటే మోటుగా ఉంటుంది, 'ప్లీజ్' చేర్చినా ఆర్డర్ వాసన పూర్తిగా పోదు. అప్పుడు ఇంపరేటివ్ వదిలేసి ప్రశ్నగా అడగండి: "కుడ్ ఐ టేక్ లీవ్ టుమారో?"

అదిగో, పంటు ఒడ్డుకి చేరుతోంది. "చూసుకుని దిగండి" అంటున్నారు. ఇంగ్లీషులో "వాచ్ యువర్ స్టెప్." జారకుండా దిగేది వాళ్ళే కదండీ, ఇక్కడ 'ప్లీజ్' లేకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు.