పార్కులో కూర్చునేదెవరు?

అందరికీ నమస్కారం. కొత్త పార్కు డ్రాయింగ్ టేబుల్ మీదకు రాగానే మన దగ్గర ముందుగా వచ్చే చర్చ ఫౌంటెన్ ఎక్కడ, ప్రహరీ ఎంత ఎత్తు అన్నదే. వచ్చేవాళ్ళు అక్కడ ఏం చేస్తారన్న మాట టెండర్లు పిలిచాక కూడా రాదు.

భవనం ముందు ప్లాజా, అంటే జనం కోసం ఖాళీ జాగా, వదిలితే భవనాన్ని మామూలుకన్నా పెద్దదిగా కట్టుకోవచ్చని న్యూయార్క్ 1961లో రూలు పెట్టింది. బిల్డర్లు వదిలారు. చాలా ప్లాజాల్లో జనమే లేరు. 1970ల్లో విలియం వైట్ అనే పరిశోధకుడు కెమెరాలు పెట్టి మరీ గమనించి తేల్చిందేమిటంటే, కూర్చునే చోటుంటే జనం కూర్చుంటారట! దీనికి కెమెరాలెందుకు అని నవ్వుకుంటాం. కానీ ఆ చోటు తప్పనిసరి చేస్తూ 1975లో రూలు మార్చాల్సి వచ్చింది.

అదే ఊళ్ళోని బ్రయంట్ పార్కును 1930ల్లో రోడ్డుకన్నా ఎత్తులో, చుట్టూ కంచె, పొదలతో ప్రశాంతంగా ఉండాలని కట్టారు. లోపల జరిగేది బయటికి కనపడదు కాబట్టి 1970ల నాటికి మత్తుమందులు అమ్మేవాళ్ళకు అది అడ్డా అయింది. పొదలు తీసేయండి, దారులు వెడల్పు చేయండి అన్నాడు వైట్. 1992లో పార్కు మళ్ళీ తెరిచినప్పుడు, ఎటైనా జరుపుకునే కుర్చీలు వేశారు. ఎత్తుకుపోరా అని మీరు అడగబోతున్నారని తెలుసు. కుర్చీలు ఇప్పటికీ ఉన్నాయి, వేలల్లో. మనిషి కూర్చునేముందు కుర్చీని కాస్త జరుపుతాడు, ఒక్కోసారి తిరిగి ఉన్నచోటికే తెస్తాడు. నా చోటు నేను ఎంచుకున్నానన్న తృప్తి అది. సిమెంటు బెంచీ దాన్ని ఇవ్వలేదు.

ఆడవాళ్ళు తక్కువగా కనిపించే చోట ఏదో తేడా ఉన్నట్టేనని కూడా ఆయన అన్నాడు. ఏ సర్వే ఫారం కన్నా నాకు ఈ లెక్క మీదే నమ్మకం.

మన హైదరాబాద్ సంగతికొస్తే, 2021 ఆగస్టు చివరి నుంచి ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద ట్రాఫిక్ ఆపారు. పిల్లాపాపలతో కుటుంబాలు రోడ్డు మీదకొచ్చేశాయి. బండ్లు లేని చోటు దొరకడమే వాళ్ళకు పెద్ద విశేషం.

ఇక మన కాలనీ పార్కులు. చాలావాటికి పొద్దున వాకర్లు వెళ్ళగానే తాళం. మిట్టమధ్యాహ్నం డెలివరీ కుర్రాళ్ళు గేటు బయట బండి మీదే కునుకు తీస్తుంటారు, చెట్ల నీడంతా గోడకు అవతల. నన్నడిగితే వాళ్ళే అసలు యూజర్లు. గీత గీసేముందు ఒక మధ్యాహ్నం ఆ గేటు దగ్గర నిలబడి చూడండి. నీళ్ళకు, టాయిలెట్‌కు ఎవరు ఎటు పోతున్నారో రాసుకోండి. డిజైన్ అక్కణ్ణుంచి మొదలుపెడదాం.